మిల్లు 67 రోజులు ఎందుకు ఆగింది, మీ కర్ర ఏమైంది

మన మిల్లుకు కర్ర తోలే వాళ్ళందరికీ నమస్కారం.

సోమవారం నుంచి కోత మళ్ళీ మొదలైంది. 67 రోజులు ఆగింది. ఈ రెండు నెలల్లో మీలో చాలామంది ఫోన్ చేశారు. "ఎల్లుండికి అయిపోతుందండీ" అని ఒకే మాట పదిమందికి చెప్పి, పదిసార్లూ తప్పాను. చివరికి వచ్చేసరికి కొందరి ఫోన్ ఎత్తడం కూడా మానేశాను. అది తప్పు. మిల్లు అమ్మేస్తున్నానని, ఇంజన్ పాత ఇనుముకి వేసేశానని టీకొట్టు దగ్గర అనుకుంటున్నారట. ఆ రెండూ నిజం కాదు. నిజంగా జరిగింది నేనే చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. అందులో మొదటిది, మీలో ఒకరి మామిడి దుంగలు రెండు నా ఆవరణలోనే పాడైపోయాయి. వర్షం వల్లా కాదు, ఇంజన్ వల్లా కాదు. నా వల్ల.

ముందు ఇంజన్ సంగతి.

మన ఇంజన్ మీకు తెలిసిందే. 16 హార్స్‌పవర్, ఒకే సిలిండరు, రెండు పక్కలా రెండు పెద్ద చక్రాలు. ఇంగ్లండులో లిస్టర్ కంపెనీ తొంభై ఏళ్ళ కిందటే తెచ్చిన పద్ధతిలోనే రాజ్‌కోట్‌లో తయారైంది. నాన్నగారు కొన్నారు. నేను 22 ఏళ్ళుగా నడుపుతున్నాను. వినాయక చవితి తర్వాత వారంలో అడుగు నుంచి ఒక చప్పుడు మొదలైంది. ఖాళీగా తిరుగుతున్నప్పుడు వినపడదు, దుంగ రంపానికి ఆనగానే లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టక్కు టక్కుమని వస్తుంది. నాలుగు రోజులు వింటూనే నడిపాను. గృహప్రవేశాల పనులు మీద పడి ఉన్నాయి, గుమ్మాల కోత ఆపలేను అనుకున్నాను. అయిదో రోజు పక్కన డోరు విప్పి చూస్తే నూనెలో వెండి పొడి కలిపినట్టు మెరుపు. పిస్టన్‌ని క్రాంకుకి, అంటే చక్రాలు తిప్పే ఇరుసుకి, కలిపే కన్‌రాడ్ కింది మెటల్ అరిగిపోయి నూనెలో కలుస్తోంది. అప్పుడే ఆపేశాను.

ఇంత వరకు మామూలే. పాత యంత్రం, మెటల్ పోతుంది, పోయించుకుంటాం. ఆ తర్వాత జరిగింది మామూలు కాదు.

ఈ మెటల్ అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఇనుప చిప్పలు రెండు ఉంటాయి, లోపలి వైపు వైట్ మెటల్ పోస్తారు. మంచి రకమైతే అందులో నూటికి ఎనభై పైనే తగరం, మిగతాది ఆంటిమొనీ, రాగి. మెత్తగా ఉంటుంది, అందుకే గట్టిగా ఉండే క్రాంకు అరగకుండా ఇది అరుగుతుంది. అయితే వైట్ మెటల్ ఇనుముకి తనంతట తాను అతుక్కోదు. ఇత్తడి గిన్నెలకి కళాయి పెడతారు చూడండి, అలాగే ముందు చిప్పని బాగా తోమి, వేడి చేసి, నవాసారం చల్లి తగరంతో కళాయి పెట్టాలి. ఆ కళాయి తడి ఆరకముందే మెటల్ పోయాలి. కళాయి సరిగ్గా లేకపోతే పైన ఎంత మంచి మెటల్ పోసినా అది గోడకి అతికించిన కాగితమే.

పట్నంలో ఒక వర్క్‌షాపుకి ఇచ్చాను. పేరు రాయను. నాన్నగారి కాలం నుంచి వాళ్ళ దగ్గరికే వెళ్తున్నాం, ఆ నమ్మకంతోనే దగ్గర కూర్చోకుండా వచ్చేశాను. 18 రోజులు పట్టింది. 14 వేలు తీసుకున్నారు. చూడడానికి వెండి కంచంలా ఉంది. బిగించి, మొదటి రోజంతా లోడు లేకుండా తిప్పి, రెండో రోజు వేప దుంగ ఎక్కించాం. మొత్తం పదకొండు గంటలు తిరిగింది. పదకొండో గంటలో మాడిన నూనె వాసన, వెంటనే ఆ చప్పుడే మళ్ళీ, ఇంకా పెద్దగా.

విప్పి చూశాను. పోసిన మెటల్ ముక్కలు ముక్కలుగా పెచ్చు లేచిపోయి ఉంది. దాని కింద చిప్ప నల్లగా, పొడిగా, తగరం అంటిన జాడ వేలెడంత కూడా లేకుండా కనపడింది. కళాయి పెట్టలేదు. పెచ్చు తీసి వేళ్ళతో విరిస్తే మెత్తగా వంగింది. తగరం ధర ఎక్కువ, సీసం ధర తక్కువ. మిగతాది మీరే అర్థం చేసుకోండి. ఆ ముక్కలు క్రాంకు పిన్నులోకి దిగి గీతలు కూడా పెట్టాయి. మెటల్ మళ్ళీ పోయించుకోవచ్చు, క్రాంకు మీద గీత పడితే మెషీను మీద గ్రైండింగే దారి.

ఆ ముక్కలు గుడ్డలో కట్టుకుని మళ్ళీ వెళ్ళాను. షాపు యజమాని చేతిలోకి తీసుకోను కూడా లేదు. "నూనె లేకుండా నడిపుంటారు" అన్నాడు. అక్కడ ఇంకా నలుగురు ఉన్నారు, వాళ్ళ ముందు అన్నాడు. నేను పొద్దున్నే ఇంజన్‌కి నూనె చూడకుండా కాఫీ తాగను. నా ఇంట్లో వాళ్ళకి తెలుసు, మీకు తెలుసు. 22 ఏళ్ళలో ఒక్క రోజు నూనె తక్కువై ఇంజన్ ఆగలేదు. ఆ మాట ఇప్పటికీ గుండెలో ముల్లులా ఉంది, అందుకే ఇంతసేపు రాస్తున్నాను.

అప్పుడైనా లేచి వచ్చేయాల్సింది. రాలేదు. "మళ్ళీ పోసివ్వండి, ఈసారి సరిగ్గా పోయండి" అని అక్కడే ఇచ్చాను. వాళ్ళ చేతే సరిచేయించాలన్న పట్టుదల. ఇంకో 20 రోజులు పోయాయి. చిప్పలు వచ్చాక బిగించే ముందు దారంతో వేలాడదీసి పానాతో చిన్నగా కొట్టి చూశాను. మెటల్ చిప్పకి పూర్తిగా అతుక్కుంటే కంచు గిన్నెలా ఖంగుమని మోగాలి. పగిలిన కుండలా మొద్దుగా పలికింది. ఇంకో పరీక్ష కూడా చేశాను. కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి, తుడిచి, అంచు మీద సుద్ద రాసి నొక్కితే సందులోంచి కిరసనాయిలు ఊరి సుద్ద మీద తడి గీత పడింది. అంటే లోపల ఖాళీ ఉంది. బిగించలేదు. తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టి వచ్చేశాను. డబ్బు అడగలేదు. అడగాల్సిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఆ తర్వాత ఒక పెద్దాయన్ని వెతికి పట్టుకున్నాను. ఒకప్పుడు రైసు మిల్లుల ఇంజన్లన్నిటికీ ఆయనే మెటల్ పోసేవాడట. ఇప్పుడు చేతులు కొద్దిగా వణుకుతాయి. "నేను పట్టుకోలేను అబ్బాయీ, నువ్వు పొయ్, నేను చెప్తాను" అన్నాడు. ఆయన దొడ్లోనే బొగ్గుల పొయ్యి మీద చేశాం. చిప్పల లోపల నలుపు పోయి ఇనుము తెల్లగా కనపడేదాకా తోమించాడు. నవాసారం వేసినప్పుడు లేచిన పొగకి కళ్ళు మండిపోయాయి. కళాయి అద్దంలా మెరిసేదాకా ఒప్పుకోలేదు, మూడుసార్లు తుడిపించాడు. నడుమ పెట్టే ఇనుప కడ్డీకి మెటల్ అంటకుండా కిరసనాయిలు దీపం మసి పట్టించాడు. మెటల్ వేడి ఎంతుందో చూడడానికి దినపత్రిక ముక్క చుట్టి అందులో ముంచాడు. కాగితం గోధుమ రంగుకి మాడాలి, మండకూడదు. మండితే వేడి ఎక్కువ, రంగు మారకపోతే తక్కువ. గరిటెతో ఒకే ధారగా, మధ్యలో ఆపకుండా పోయించాడు. చల్లారాక పానాతో కొట్టమన్నాడు. ఖంగుమంది. ఆయన ఏమీ అనలేదు, చుట్ట వెలిగించుకున్నాడు.

క్రాంకు గ్రైండింగ్, మెటల్ బోరింగ్, నీలం రంగు రాసి ఎక్కడ ఆనుతోందో చూసుకుంటూ గీకడం, అన్నీ కలిపి ఇంకో పది పన్నెండు రోజులు. మూడు రోజులు మెల్లగా తిప్పి సోమవారం లోడు పెట్టాం. ఇవాళ్టికి నలభై గంటలు దాటింది. మొన్న రాత్రి డోరు విప్పి వేలితో నూనె తీసి దీపం దగ్గర చూశాను. మెరుపు లేదు. ఆయన చేతే ఇంకో జత చిప్పలకి మెటల్ పోయించి, గ్రీజు రాసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఇకమీదట మెటల్ పోయినా మూడు రోజుల పనే.

ఇప్పుడు మామిడి దుంగల విషయం.

ఇంజన్ ఆగడానికి ముందురోజు సాయంత్రం ఒక బాబాయి రెండు మామిడి దుంగలు తోలాడు. ఒక్కోటి చుట్టుకొలత అరవై అంగుళాలు, పొడవు ఎనిమిది అడుగులు. చుట్టుకొలతలో నాలుగో వంతు లెక్కన రెండూ కలిపి 25 ఘనపుటడుగులు. పాత పెరటి చెట్టు, గాలికి ఒరిగితే కొట్టించాడు. వెనక గది తలుపులకి, ఒక బల్లకి కావాలన్నాడు. మామిడి టేకులాంటిది కాదు. చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ, బెరడు కింద తీపి ఉంటుంది. వానాకాలంలో కొట్టిన మామిడిని వెంటనే కోసి పలకల మధ్య పట్టీలు పెట్టి గాలికి ఆరబెట్టాలి. లేకపోతే మూడు నాలుగు వారాల్లో నీలం మచ్చ ఎక్కుతుంది, ఆ వెనకే పురుగు.

ఇదంతా నాకు తెలుసు. మీ అందరికీ నేనే చెబుతుంటాను.

ఇంజన్ ఆగిన వారంలోపే కాలవ అవతల మిల్లాయన ఫోన్ చేశాడు. ఆయనది కరెంటు మోటారు మిల్లు. "కర్ర నిలిచిపోయిందట, పంపండి, కోసి పెడతాను, కూలి సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. నాకది వేరేలా వినపడింది. ఆయన మిల్లు పెట్టినప్పటి నుంచి మా రెండు మిల్లుల గురించి ఊళ్ళో పోలికలు నడుస్తూనే ఉన్నాయి. "రెండు రోజుల్లో మా ఇంజన్ వచ్చేస్తుంది" అని పెట్టేశాను. ఆ రోజు ట్రాక్టరు పిలిచి ఆ రెండు దుంగలూ పంపి ఉంటే ఇవాళ బాబాయి తలుపులు పాలిష్‌కి సిద్ధంగా ఉండేవి.

సోమవారం మొదట ఆ దుంగలే ట్రాలీ ఎక్కించాను. మొదటి పలక పడగానే తెలిసిపోయింది. అంచు నుంచి నడుమ దాకా బూడిద రంగు చారలు, సూది గుచ్చినట్టు బెజ్జాలు, ఒక్కో బెజ్జం నుంచి మైదాలాంటి పొడి. బాబాయి పక్కనే నిలబడి ఉన్నాడు. పలక మీద చెయ్యి పెట్టి నిమిరాడు. నన్ను ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి వెళ్తూ మా వాడితో మాత్రం "నాన్నగారు ఉంటే ఇలా జరిగేదా" అన్నాడట. ఆ మాట నాకు చేరింది. జరిగేది కాదు.

బాబాయికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. 25 ఘనపుటడుగుల దుంగ నుంచి మామూలుగా పదహారు ఘనపుటడుగుల దాకా కోత కర్ర వస్తుంది. అంతకు అంత, నా సొంత వేప పలకలు, రెండేళ్ళు నీడలో ఆరినవి, నిన్న ఆయన ఇంటికి తోలాను. వాళ్ళ వడ్రంగి మేస్త్రి పలకలు చూసి సరే అన్నాడు. తలుపులు పెరటి చెట్టువి కావు, ఆ లోటు నేను తీర్చలేను.

మిగతా వాళ్ళు కంగారు పడక్కర్లేదు. రెండో వారంలోనే పనస, వేప, నిద్రగన్నేరు దుంగలు పద్నాలుగింటిని మిల్లు వెనక గుంటలోకి దొర్లించాం. ఇది నా తెలివి కాదు, పెద్దవాళ్ళు చేసిన పనే. నీళ్ళలో గాలి ఆడదు కాబట్టి మచ్చ పట్టదు, చెక్కలో ఉండే తీపి నీళ్ళలోకి దిగిపోయి పురుగుకి తిండి దొరకదు. వేప సగం తేలుతుంది, అందుకని వారానికోసారి నీళ్ళలోకి దిగి పైవైపు కిందికి తిప్పాం. ఆ కర్ర పైన నల్లగా, కాస్త వాసనగా ఉంటుంది. చిత్రిక పడితే పోతుంది. మామిడి దుంగలు కూడా ఆ రోజే గుంటలో వేయొచ్చుగా అని మీరు అడుగుతారు. "ఇవి ముందు కోయాల్సినవి, రేపో ఎల్లుండో ఇంజన్ వస్తుంది" అని ట్రాలీ పక్కనే ఉంచాను. టేకు దుంగలు షెడ్డులో దిమ్మల మీద ఉన్నాయి, కొసలు పగలకుండా పేడ అలికాం, వాటికేమీ కాలేదు.

ఇక ఇంజన్ తీసేసి కరెంటు మోటారు పెట్టే సంగతి. ఈ రెండు నెలల్లో నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

లెక్క వేసి చూస్తే మోటారే గెలుస్తుంది, నేను దాచను. మన ఇంజన్ కోత మీద గంటకి రెండు లీటర్ల దాకా డీజిల్ తాగుతుంది. అదే పని కరెంటు మీద చేస్తే ఖర్చు చాలా తక్కువ. స్విచ్చు వేస్తే తిరుగుతుంది, హ్యాండిల్ తిప్పి భుజం నొప్పి తెచ్చుకోనక్కర్లేదు. మా అబ్బాయి కాగితం మీద లెక్కేసి చూపించాడు. బావమరిది ఇంకో అడుగు వేసి, మిల్లే తీసేసి లైసెన్సు ఎవరికైనా ఇచ్చేయమన్నాడు. 2002లో సుప్రీంకోర్టు ఆదేశం వచ్చాక కొత్త కోత మిల్లుకి లైసెన్సు దొరకడం ఎంత కష్టమో తెలిసిన వాడు కాబట్టి, దానికి మంచి ధర వస్తుందని అతని లెక్క. ఆ మాటకి నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను.

రెండోసారి చిప్పలు మొద్దుగా పలికిన రోజున మాత్రం నా మనసు విరిగిపోయింది. మర్నాడే పట్నం వెళ్ళి 20 హార్స్‌పవర్ మోటారుకి 25 వేలు అడ్వాన్సు కట్టాను. ఆ రాత్రి షెడ్డులోకి వెళ్ళి ఇంజన్ పక్కన కూర్చున్నాను.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడ్డ తుఫాను మీలో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపు పడుకుని ఉన్నాయి. కరెంటు స్తంభాలు కూడా వాటితో పాటే పడిపోయాయి. వారాల తరబడి కరెంటు లేదు. ఇళ్ళకి కప్పులు లేవు, జనానికి వెంటనే కావాల్సింది వాసాలు. నాన్నగారు ఈ ఇంజన్‌ని పగలూ రాత్రీ ఆపకుండా నడిపారు. పడిపోయిన కొబ్బరి మాన్లే కోశారు. కొబ్బరికి అంచు గట్టి, నడుమ దూది. అంచు వరకే వాసాలకి తీసి నడుమ పారేసేవారు. కొబ్బరి రంపాన్ని తినేస్తుంది, గంటకోసారి బ్లేడు మార్చి పదును పెట్టాలి. నా పని లాంతరు పట్టుకోవడం, పదును పెట్టిన బ్లేడు అందించడం. డబ్బు ఉన్న వాళ్ళు ఇచ్చారు, లేని వాళ్ళని నాన్నగారు అడగలేదు. ఇప్పటికీ ఈ చుట్టుపక్కల కొన్ని ఇళ్ళ కప్పుల్లో ఆ వాసాలు ఉన్నాయి.

పొద్దున్నే వెళ్ళి మోటారు వద్దని చెప్పేశాను. అడ్వాన్సులో అయిదు వేలు పట్టుకుని మిగతాది ఇచ్చారు.

ఇది మొండితనం అంటే అనండి. నాకు ఇంజన్ మీద ఉన్నది మమకారం ఒక్కటే కాదు. మళ్ళీ ఎప్పుడో ఒక తుఫాను వస్తుంది, మనం ఉన్నది సముద్రానికి దగ్గర్లో. ఆ రోజు ఈ చుట్టుపక్కల కరెంటు లేకుండా కోయగల మిల్లు ఒకటుండాలి. అది మనది కావాలి. డీజిల్ ఖర్చు నేను భరిస్తాను, మీ మీద వేయను. కోత కూలి సంక్రాంతి దాకా పాత రేటే, ఆ తర్వాత పెంచాల్సి వస్తే నెల ముందు చెబుతాను.

కానీ నా పట్టుదలకి మీ కర్ర మళ్ళీ బలి కాకూడదు. అందుకని కాలవ అవతల మిల్లాయన దగ్గరికి నేనే వెళ్ళి మాట్లాడాను. ఇకమీదట ఏ కారణం చేతనైనా మన మిల్లు వారం రోజులకి మించి ఆగితే, పచ్చి మామిడి లాంటి నిలవని కర్ర ఆయన మిల్లుకి వెళ్తుంది. రానూపోనూ ట్రాక్టరు బాడుగ నాది. కూలి మీరు నాకిచ్చేదే ఆయనకి ఇవ్వండి, తేడా ఉంటే నేను కడతాను. వెళ్ళిన రోజు ఆయన కుర్చీ వేసి టీ ఇచ్చాడు, పాత ఫోన్ సంగతి ఎత్తలేదు.

కొన్ని పనుల మాటలు. వరస కర్ర వచ్చిన తేదీ ప్రకారమే, తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళు అని ఉండదు. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని పచ్చి కర్రతో గుమ్మం కోసిమ్మని అడగొద్దు. కోసిస్తాను గానీ గుమ్మానికి కాదు, ఆరాక వంగిపోతే నన్నే అంటారు. అంత తొందరుంటే నా దగ్గర ఆరిన కర్ర ఉంది, మీ పచ్చి కర్రకి బదులు ఇస్తాను. చెట్టు కొట్టించే ముందు వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి తీసుకోండి, టేకైతే రవాణా పర్మిట్ కూడా. కాగితం లేని టేకు దుంగని మిల్లు గేటు దాటనివ్వను, ఇందులో మొహమాటం లేదు. ఇంటి దగ్గరి చెట్లకి బట్టల తీగ మేకులు, కంచె తీగలు ఉంటే దించేటప్పుడే చూపించండి. మేకు తగిలితే బ్లేడు పళ్ళన్నీ పోతాయి, తెగితే పక్కనున్న మనిషికి ప్రమాదం.

రేపు పొద్దున గుంటలోంచి పనస దుంగలు పైకి లాగుతున్నాం. నీళ్ళు కారుతూ ఉంటాయి, ముందు దారి బురదవుతుంది. ట్రాక్టరు తెచ్చే వాళ్ళు రెండు రోజులు వెనక కాలవగట్టు మీది నుంచి రండి.